గుడ్డ, గుడ్డు

ముప్పై ఒక్క ఏళ్ళు
వూచ్ నగరంలో, ఎర్ర ఇటుకల మిల్లులో
గుడ్డ చూడటమే నా పని.
దీపం మీదుగా తాను జారిపోతుంటే
తెగిన పోగు, తప్పిన పేక, నూనె మరక
ఎక్కడుంటే అక్కడ సుద్దముక్కతో ఒక గీత.
మిల్లు మూతపడింది. కళ్ళు మూతపడలేదు.
ఇత్తడి భూతద్దం ఒకటి జేబులో వేసుకుని వచ్చేశాను,
ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాలుగో అంతస్తులో, వంటింటి పక్కన
నూట ఎనభై లీటర్ల సముద్రం ఉంది నాకు.
బయట మంచు. ట్రామ్ తీగల మీద మంచు.
లోపల ఏడాది పొడవునా ఇరవై ఐదు డిగ్రీలు.

జెనోన్ తెచ్చాడు ఆ శనివారం
కోటు లోపల, ఛాతీకి ఆనించి,
ప్లాస్టిక్ సంచిలో ఒక పగడపు కొమ్మ.
లేత ఊదా, కొసలు మాత్రం పచ్చ.
"నా తల్లికొమ్మ నుంచి విరిచాను" అన్నాడు,
అప్పుడే తొట్టె వైపు నడుస్తూ.

నేను బక్కెట్టు తీశాను.
అతని మొహం చూడాల్సింది,
చేతికిచ్చిన పండుని గుమ్మంలోనే కడిగినట్టు.
"పదిహేనేళ్ళ స్నేహం, యద్విగా.
నా ఇంట్లో పురుగుందంటావా?"
ఉందనను. లేదనీ అనను.
చూస్తానంటాను.
తాను మోసుకొచ్చినవాడి ముఖం చూసి
ఏనాడూ ముద్ర వెయ్యలేదు నేను.

రెండు లీటర్ల తొట్టె నీళ్ళు, అందులో అయోడిన్ మందు
కషాయం రంగు తేలేదాకా.
పది నిమిషాలు. గడియారం చూస్తూ
రబ్బరు తిత్తితో కొమ్మ సందుల్లోకి ఊదుతాను.
మొదట గోరంత పీతపిల్ల, తిట్టుకుంటూ బయటికొచ్చింది.
వేరే గ్లాసులో వేశాను. దాని తప్పేం లేదు.
ఏడో నిమిషంలో,
కొమ్మ తోలే ఊడిందా అన్నట్టు
ఒక పొర.
తిన్న ఇంటి రంగే కట్టుకుని తిరుగుతుంది చదును పురుగు.
కొమ్మ మీద ఉన్నంతసేపూ ఎవరికీ దొరకదు.
తెల్ల బక్కెట్టు అడుగున మాత్రం
ముడుచుకుని, విప్పుకుని, ముడుచుకుని.

జెనోన్‌కి ఇత్తడి అద్దం ఇచ్చాను.
చాలాసేపు వంగే ఉన్నాడు.
"ఎన్ని?"
పదకొండు.
టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాను అసలు సంగతి.
మందు పురుగుని చంపుతుంది,
గుడ్డుని చంపదు.
కొమ్మ మొదట్లో, మాంసం తినేసిన ఎముక మీద
గోధుమరంగు చుక్కలు, దగ్గర దగ్గరగా, కుట్టు వేసినట్టు.
మిల్లులో అంత నీటైన చెయ్యిని చూడలేదు.
కత్తితో గీకాను, టూత్‌బ్రష్‌తో తోమాను.
అయినా ఒకటి మిగులుతుంది.
దానికోసమే ఆ వట్టి గాజుపెట్టె:
ఇసుక లేదు, రాయి లేదు, పొరుగు లేదు.
వారానికో స్నానం, ఆరు వారాలు.
గోడ మీద కాలెండరులో పెన్సిలుతో రాశాను: ఒకటి.

తరువాతి శనివారం రాలేదు.
ఆ పై శనివారమూ రాలేదు.
నేను ఫోను చెయ్యలేదు.
తప్పు పట్టినవాళ్ళే ముందు పలకరిస్తే
అది రెండో దెబ్బ.
కొమ్మకి మాత్రం వేళకి స్నానం.
రెండో దఫా మూడు పురుగులు. మూడో దఫా ఏమీ లేవు.
లెక్క ఆపలేదు.

ఇరవై మూడో రాత్రి గంట మోగింది.
మెట్ల మీద జెనోన్, రెండు చేతుల్లో రెండు బక్కెట్లు,
మూతలకి టేపు, పైన దుప్పటి ముక్కలు.
ట్రామ్‌లో మోకాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాడట.
కింద తలుపు దగ్గర ఇంకో మూడున్నాయట.
"మొత్తం పీకేశాను. తల్లికొమ్మ సగం ఎముకే."
ఇంకేమీ అనలేదు. చొక్కా చేతులు మడిచాడు.

తెల్లవారేదాకా ముంచాం, ఊదాం, గీకాం.
ఇల్లంతా ఆసుపత్రి వాసన.
ఒక్కసారే నవ్వాడు,
పీత ఒకటి అతని వేలు పట్టుకున్నప్పుడు.

నాకున్నది ఒకటే పెట్టె.
నా కొమ్మ పక్కనే అన్నీ దించాం.
ఇరవై మూడు రోజులూ నీళ్ళపాలు.
అతనికి తెలుసు. ఏదో అనబోయి,
రబ్బరుముక్క ఎక్కడుందని అడిగాడు.
కాలెండరు దించి ఇద్దరం చెరిపాం,
కాగితం కాస్త చిరిగింది. ఆ చిరుగు పక్కనే మళ్ళీ
ఒకటి.